టేకు, వేప, డబ్ల్యూపీసీ ద్వారబంధాలు: సింగ్‌నగర్ ఇంట్లో వాడి చూశాక

ద్వారబంధం కొనేటప్పుడు అందరూ పై చెక్క మీద నగిషీ చూస్తారు, పాలిష్ చూస్తారు. నేను మాత్రం రెండు పక్కల నిలువు చెక్కలు చూడమంటాను, అందులోనూ నేలను ఆనుకుని ఉండే అడుగు భాగం. చెద అక్కడి నుంచే ఎక్కుతుంది, తడి అక్కడే పడుతుంది. పైన ఎంత మంచి కర్ర ఉన్నా కింద పోతే గుమ్మం పోయినట్టే.

మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో 2010లో కట్టిన ఇల్లు. వీధి గుమ్మానికి, కిటికీలకు టేకు, లోపలి గదులకు వేప పెట్టించాం. స్నానాలగదికి కూడా మొదట వేపే. అది పాడయ్యాక డబ్ల్యూపీసీ, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన ఫ్రేము, వేయించాం. మూడూ ఒకే ఇంట్లో ఒకే ఎండకీ, ఒకే ముసురుకీ ఉన్నాయి కాబట్టి పక్కపక్కన పెట్టి చెప్పగలుగుతున్నాను.

టేకు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 5×3 అంగుళాల నిలువులు, అంతా చేవ కర్రే, అంటే చెట్టు మధ్యలోని గట్టి కర్ర. ఇన్నేళ్లలో వంపు తిరగలేదు, బందుల దగ్గర స్క్రూ ఒక్కటి వదులవలేదు. రోహిణి కార్తెలో గోడకీ చెక్కకీ మధ్య సన్నని సందు పడుతుంది, వానలు మొదలయ్యాక అదే పూడుకుంటుంది. చెక్క పొడవులో దాదాపు మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది, తగ్గుతుంది. వానాకాలంలో తలుపు నిలువు చెక్కకే ఎక్కువగా రాసుకునేది అందుకే.

వేప కథ వేరు. చేదు కర్ర, చెద ముట్టదు అంటారు. చేవ వరకు అది నిజమే. కానీ పిల్లల గది గుమ్మానికి వచ్చిన ఒక నిలువులో ఒక అంచున తెల్లకర్ర, అంటే బెరడు పక్కన ఉండే లేత కర్ర, ఉంది. అడిగితే కలప డిపోలో "రంగేస్తే కనపడదు లెండి" అన్నారు. నిజంగానే కనపడలేదు. కొన్నేళ్లకి ఒకరోజు ఇల్లు తుడుస్తూ మా ఆవిడ వేలు ఆనిస్తే అప్పడం విరిగినట్టు రంగుపొర విరిగి వేలు లోపలికి పోయింది. లోపలంతా మట్టే. చెద గోడలోంచి చెక్క వెనక వైపుగా ఎక్కి తెల్లకర్ర ఉన్నంత మేరా తినేసింది. పక్కనే ఎర్రగా ఉన్న చేవని మాత్రం తాకలేదు. ఆ గీత ఎవరో గీసి పెట్టినట్టు స్పష్టంగా ఉంది. వడ్రంగి మోకాలి ఎత్తు వరకు కోసేసి, ఏటవాలుగా కొత్త ముక్క అతికాడు. గోడ అంచున బెజ్జాలు వేసి చెదమందు పోయించాం. ఆ అతుకు ఇప్పటికీ గట్టిగానే ఉంది.

స్నానాలగది వేప గుమ్మం చెదకి కాదు, నీళ్లకి పోయింది. ఈ మధ్య లోపలి గదులకి గడప పెట్టడం లేదు కదా, నిలువులు నేరుగా టైల్స్ మధ్యలో నిలబడతాయి. కోసిన చివర నేలకి ఆని ఉంటే నీటిని పైకి పీల్చుకుంటుంది. మాది కింద నుంచి నల్లబడి మెత్తబడిపోయింది. తర్వాత వేసిన డబ్ల్యూపీసీకి ఆ బెడద లేదు. ఒక్కటే ఫిర్యాదు: పై బందు స్క్రూలు తలుపు బరువుకి వదులయ్యాయి. ముందు సన్నటి బెజ్జం వేసి పొడవాటి స్క్రూలు బిగించాక సర్దుకుంది. లోపల గుల్లగా ఉండే రకం అస్సలు కొనకండి. ఎండ నేరుగా కొట్టే వీధి గుమ్మానికైతే దీన్ని నేను పెట్టను. పైగా పసుపు రాసి కుంకుమ పెట్టడానికి వీధి గుమ్మం కర్రదే ఉండాలని మా అమ్మ పట్టుదల, నాకూ అదే ఇష్టం.

అసలు పరీక్ష 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద పెట్టింది. నీళ్లు ఇంట్లో రోజుల తరబడి నిలిచిపోయాయి. ఫ్లష్ డోర్లు పొరలు పొరలుగా విడిపోయి వీధిలో పడేయాల్సి వచ్చింది. ద్వారబంధాలు మాత్రం నిలబడ్డాయి. టేకు మీద పాలిష్ తెల్లబారింది, అంతే. వేప నిలువులు బాగా ఉబ్బాయి. వెంటనే చిత్రిక పట్టి సరిచేస్తామని పనివాళ్లు వచ్చారు, మా వడ్రంగి వద్దన్నాడు. తడి మీద చిత్రిక పడితే ఆరాక సందులు పడతాయని ఆపాడు. ఫ్యాన్లు పెట్టి ఆరనిచ్చాం, కొన్ని వారాల్లో దాదాపు పాత కొలతకి వచ్చేశాయి. డబ్ల్యూపీసీని పైపుతో కడిగేశాం. ఇబ్బంది పెట్టింది నిలువుల్ని గోడకి పట్టి ఉంచే ఇనుప హోల్డ్‌ఫాస్ట్‌లే. అవి తుప్పుపట్టి చుట్టూ ప్లాస్టరింగ్ పగిలింది.

ఈ తుప్పు బాధ కిటికీలకి వరద లేకపోయినా ఉంది. మా పడమటి కిటికీలో అడ్డ ఊచలు నిలువు చెక్కల బెజ్జాల్లోకి దిగి ఉంటాయి. జల్లు కొట్టిన నీళ్లు ఊచ వెంబడి బెజ్జంలోకి పోయి, తుప్పు ఉబ్బి, టేకుని కూడా సన్నగా చీల్చింది. ఊచలు దిగే చోట ఏటా వేసవిలో రంగు వేయిస్తే ఆగుతోంది.

కొత్తగా కొనేవాళ్లు లెక్క కూడా తెలుసుకోండి. అడుగుల పొడవుని అంగుళాల వెడల్పు, మందాలతో గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 7 అడుగుల 5×3 నిలువు ఒక్కొక్కటి సుమారు 0.73. ఆ కొలతలో తెల్లకర్ర ఎంత ఉందో కోసిన చివర చూస్తే తెలిసిపోతుంది, రంగు వేయకముందే చూడాలి. గోడలో నిలబెట్టే ముందు నిలువుల అడుగుకీ, గోడవైపు ముఖానికీ రెండు పూతలు ప్రైమర్ వేయించండి. ముహూర్తం టైమవుతోందని మేస్త్రి తొందరపెడతాడు, ముందురోజే వేయించి ఉంచండి.