లినక్స్ లాప్‌టాప్ రిపేరుకి ఇచ్చేవాళ్ళు జాగ్రత్త: స్క్రీన్ రావట్లేదని ఇస్తే డేటా మొత్తం తుడిచేశారు

నెల్లూరులో లాప్‌టాప్ రిపేరుకి ఇవ్వబోతున్న ప్రతి ఒక్కరూ దయచేసి ఇది చివరిదాకా చదవండి. విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ళయితే తప్పకుండా చదవండి. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు పెట్టాను, అది తేలేదాకా రాయను. కానీ జరిగింది మాత్రం ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే ఈ వారంలోనే ఇంకెవరో ఒకరు అప్‌డేట్ తర్వాత స్క్రీన్ నల్లగా వస్తోందని అట్టాంటి షాపుకే పోతారు.

మా మేనమామకి విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. లెక్కలన్నీ ఆయన లాప్‌టాప్‌లోనే ఉంటాయి. వాళ్ళబ్బాయి ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొన్నది, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నది. దాంట్లో ఉబుంటు 24.04 ఉంది, అది లినక్స్‌లో ఒక రకం. అప్‌డేట్ వచ్చింది, ఆయన ఒప్పుకున్నారు, రీస్టార్ట్ చేశారు. కంపెనీ బొమ్మ వచ్చి, తర్వాత నల్ల స్క్రీన్. పైన ఒక్క వరుస తెల్ల అక్షరాలు. నేను హైదరాబాదులో ఉన్నా, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించారు.

ఆ ఫొటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆ వరుసలో ఉన్నది ఇది: డిస్కు పార్టిషన్ పేరు, దాని పక్కన ‘క్లీన్’ అని, ఆ పక్కన ఇన్ని ఫైళ్ళు, ఇన్ని బ్లాకులు అని అంకెలు. లినక్స్ బూట్ అయ్యేటప్పుడు ఫైల్ సిస్టమ్‌ని పరీక్షించి ఇచ్చే నివేదిక అది. అంటే ఫైళ్ళు భద్రంగా ఉన్నాయని ఆ మిషనే చెబుతోంది. డిస్కు పరీక్ష అయిపోయింది, ఆ తర్వాత గ్రాఫిక్స్ మొదలు కావాల్సిన చోట ఆగింది. ఎన్‌విడియా కార్డున్న లాప్‌టాప్‌లో కొత్త కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) వచ్చాక ఇట్టా ఆగడం ఎంత మామూలో లినక్స్ వాడే ఎవరినడిగినా చెప్తారు.

రొయ్యల పట్టుబడి దగ్గర పడింది, మేత లెక్కలు అర్జంటుగా కావాలి. అందుకని మామ టౌనుకి పోయి ఆ షాపులో ఇచ్చారు. ఇచ్చేటప్పుడు నన్ను ఫోన్‌లో పెట్టి స్పీకర్ ఆన్ చేశారు. నేను తెలుగులో స్పష్టంగా చెప్పాను. "ఇది లినక్స్. గ్రాఫిక్స్ డ్రైవర్ సమస్య. డిస్కుని ముట్టుకోవద్దు. తెలీకపోతే ఏమీ చెయ్యకుండా అట్నే తిరిగిచ్చెయ్యండి, నేనొచ్చి చూసుకుంటా." కౌంటర్‌లో ఉన్నాయన అన్నది: "మేం చూడని లినక్సా సార్, మీ డేటాకి నాదీ పూచీ." మామ పక్కనే ఉండి విన్నారు.

నేను ఊరికొచ్చాక ఇద్దరం కలిసి తెచ్చుకోవడానికి పోయాం.

లాప్‌టాప్ మా వైపు తిప్పి పెట్టాడు. స్క్రీన్ మీద విండోస్. ఖాళీ డెస్క్‌టాప్, మూలన రీసైకిల్ బిన్ ఒక్కటే. "పెద్దాయనా, కొత్త మిషన్ లాగా చేశాం, ఇంక మీకే ఇబ్బందీ ఉండదు" అన్నాడు. మామకి అర్థం కాలేదు, ఆయన ఫైళ్ళ ఫోల్డర్ కోసం మౌస్‌తో వెతుకుతా ఉన్నారు. నాకు ఒక్కసారిగా కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"ఫైళ్ళేవి?" అన్నాను.

"డిస్కు పోయిందన్నా. అప్‌డేట్‌లో కరప్ట్ అయింది. ఫార్మాట్ కొట్టక తప్పలా."

నేను ఫోన్ తీసి ఆ ఫొటో చూపించాను. క్లీన్ అని ఉంది చూడండి, ఇన్ని ఫైళ్ళున్నాయని ఉంది చూడండి, డిస్కు ఎట్టా పోయిందంటారు అని అడిగాను. ఆయన ఫొటో వైపు చూడనన్నా చూడలేదు. వెనక బల్ల దగ్గర పనిచేసే కుర్రాడు మాత్రం నిజం చెప్పేశాడు. "డిస్కు ఊడదీసి మన విండోస్ సిస్టమ్‌కి తగిలిస్తే ఏమీ కనపళ్ళేదన్నా, ఖాళీదనుకున్నాం." ఓనరు వాణ్ణి "నీ పని చూసుకో పో" అని గదిమాడు.

అదీ జరిగింది. లినక్స్ డిస్కుని విండోస్ చదవలేదు. ఉబుంటు మామూలుగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ విండోస్‌కి తెలీదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పేరులేని పార్టిషన్‌లా కనిపిస్తుంది, ఒక్కోసారి ఫార్మాట్ చెయ్యమంటారా అని కూడా అడుగుతుంది. నిండా ఫైళ్ళున్న డిస్కది. తనకి కనపడలేదు కాబట్టి ఖాళీ అనుకుని తుడిచేశారు. కనీసం ఒక్క ఫోన్ చెయ్యలేదు. చెయ్యలేదేంటని అడిగితే, "అందరికీ ఫోన్లు చేస్తా కూర్చుంటే పనెప్పుడు చేసేది" అన్నాడు.

అంతవరకూ ఓర్చుకున్నాను. ఆ తర్వాత మామ వైపు తిరిగి ఒక మాటన్నాడు, అది మాత్రం నేను మరిచిపోలేను. "రొయ్యల లెక్కలకి లాప్‌టాప్ ఎందుకు పెద్దాయనా, నోటుబుక్కు చాలదా?"

మామ వయసుకి, ఆయన పడ్డ కష్టానికి ఇచ్చిన మర్యాద అది. ఆ ఫైళ్ళలో ఏముందో ఆ మనిషికి తెలుసా? ఏ గుంటలో ఏ హ్యాచరీ సీడ్ (రొయ్య పిల్లలు) ఎంత వదిలారు, ఏ రోజు ఎంత మేత పడింది, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్ళలో ఉప్పు శాతం, పీహెచ్, అమ్మోనియా ఎంత, శాంపిల్ తూకాలు, చివరికి ఏ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) వచ్చింది, ఏ రేటు పడింది. కొన్నేళ్ళ పంటలవి. ఏ గుంట ఏ కాలంలో కలిసొచ్చింది, ఎక్కడ తెల్లమచ్చ రోగం తగిలింది అనేది వాటిని చూసే తర్వాతి పంటకి సీడ్ ఎంత వదలాలో నిర్ణయించేవారు. అంతకంటే ముఖ్యమైనది మేత డీలరుతో అప్పు ఖాతా. ఆక్వాలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, మేత అరువు మీద వస్తుంది, పట్టుబడి అయ్యాక తీరుస్తారు. డీలరు పుస్తకంలో ఒక అంకె ఉంటే దాన్ని సరిచూసుకోవడానికి రైతు చేతిలో తన లెక్క ఉండాలి. ఇప్పుడు ఆ లెక్క లేదు. డీలరు మంచివాడే కావచ్చు, అది వేరే సంగతి.

ఇంత చేసి 1,800 రూపాయలు అడిగాడు. మామ గొడవ ఇష్టం లేక ఇచ్చేశారు. బిల్లు అడిగితే ఇవ్వలేదు. ఆ విండోస్‌కి లైసెన్సు కూడా లేదు, ఏదో యాక్టివేటర్‌తో నడుపుతున్నారు. అట్టాంటి యాక్టివేటర్ల వెంట వైరస్‌లు వస్తాయి. బ్యాంకు పనులు చేసుకునే మిషన్‌లో దాన్ని పెట్టిచ్చారు.

ఇంటికొచ్చి లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం చూశాను. మీడియా ఎర్రర్లు సున్నా. డిస్కు పోయిందన్నది శుద్ధ అబద్ధం. ఫైళ్ళు తిరిగి తెచ్చుకోవడానికి టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ నడిపాను. పాత హార్డ్ డిస్కయితే ఆశ ఉండేది. ఇది ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్పుల్లో డేటా దాచే డిస్కు. దాంట్లో ఫార్మాట్ కొట్టగానే ట్రిమ్ అనే ఆదేశం పోతుంది, ఇక ఆ బ్లాకులు అక్కర్లేదని డిస్కుకి తెలుస్తుంది, అది లోలోపల వాటిని ఖాళీ చేసుకుంటుంది. పనికొచ్చే ఫైలు ఒక్కటీ రాలేదు. గుంట గట్టు మీద షెడ్డులో పనివాళ్ళు రాసే పుస్తకం, వాళ్ళు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూసి ఈ పంట లెక్క కొంత తిరిగి రాస్తున్నాం. పాత పంటలవి ఇక లేవు.

ఇప్పుడు ఆ షాపులో చెయ్యాల్సిన పని ఏమిటో చెబుతాను. మీ మిషన్‌కి ఇట్టా అయితే షాపుకి పోకముందు మీరే చేసుకోవచ్చు.

ఉబుంటు అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ వచ్చినా పాత కెర్నల్‌ని వెంటనే తీసెయ్యదు. స్విచ్ వేసి కంపెనీ బొమ్మ రాగానే ఎస్కేప్ కీ ఒక్కసారి నొక్కండి. పాత తరహా బయోస్ అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. గ్రబ్ మెనూ వస్తుంది, ఏ కెర్నల్‌తో మొదలుపెట్టాలో ఎంచుకునే తెర అది. ఎస్కేప్ గబగబా నొక్కితే మెనూ బదులు గ్రబ్ ప్రాంప్ట్ వస్తుంది, అప్పుడు కంగారు పడకుండా మళ్ళీ రీస్టార్ట్ చెయ్యండి. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోయి, కింద ఉన్న పాత నంబరు కెర్నల్‌ని ఎంచుకోండి. చాలాసార్లు డెస్క్‌టాప్ ఎప్పటిలాగే వచ్చేస్తుంది. మామ లాప్‌టాప్‌కి కూడా మొదట చెయ్యాల్సింది ఇదే.

కారణం ఇది. ఎన్‌విడియా డ్రైవర్ ప్రతి కెర్నల్‌కీ సరిపోయేలా విడిగా సిద్ధం కావాలి. చాలా మిషన్లలో డీకేఎంఎస్ అనే ప్రోగ్రామ్ అప్‌డేట్ సమయంలోనే దాన్ని కట్టిపెడుతుంది. కొత్త కెర్నల్ హెడర్లు (డ్రైవర్ కట్టడానికి కావాల్సిన ఫైళ్ళు) లేకపోయినా, డ్రైవర్ పాతదై కొత్త కెర్నల్‌తో పొసగకపోయినా అది కట్టలేదు. పాత కెర్నల్‌తో లోపలికి పోయి హెడర్లు వేసుకుని, ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’ నడిపితే సాధారణంగా సర్దుకుంటుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని మొదలు కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉన్న మిషన్లలో ఇంకో తిరకాసుంది. అప్‌డేట్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి మోక్ మేనేజ్‌మెంట్ అని అడుగుతుంది. అక్కడ ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొద్ది సెకన్లే ఉంటుంది. దాటిపోతే డ్రైవర్‌ని సిస్టమ్ లోపలికి రానివ్వదు, మళ్ళీ నల్ల స్క్రీనే.

పాత కెర్నల్‌తో కూడా రాకపోతే గ్రబ్‌లో ‘ఈ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ చేర్చి ఎఫ్10 నొక్కండి. బొమ్మ నాసిరకంగా ఉన్నా లోపలికి పోగలరు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి సగంలో ఆగినవాళ్ళు రికవరీ మోడ్‌లో ‘డీపీకేజీ’ అనే వరుస ఎంచుకోండి, సగంలో ఆగిన ప్యాకేజీలను పూర్తి చేస్తుంది. వైఫై పోయిందా, ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వస్తుంది, దాంతో డ్రైవర్ దించుకోవచ్చు. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులున్న కొన్ని లాప్‌టాప్‌లలో ఇది తరచూ జరుగుతుంది.

ఇవేవీ పనిచెయ్యకపోయినా ఫైళ్ళు తీసుకోవచ్చు. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా ట్రై ఉబుంటు ఎంచుకోండి. ఫైల్స్‌లో లోపలి డిస్కు కనిపిస్తుంది, దాని హోమ్ ఫోల్డర్‌ని బయటి డిస్కుకి కాపీ చేసుకోండి. డిస్కుకి తాళం వేసి ఉంటే మీ పాస్‌వర్డ్ అడుగుతుంది, అంతే. అరగంట పని. అరగంట ఓపిక లేని మనిషి మిషన్‌ని చెయ్యి పెట్టకుండా తిరిగి ఇచ్చెయ్యాలి. టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ ఉందిలే అనుకునేవాళ్ళకి ఒక మాట: అది సిస్టమ్‌ని వెనక్కి తిప్పుతుంది, మామూలు సెట్టింగ్‌లో మీ హోమ్ ఫోల్డర్‌ని దాచదు. ఫైళ్ళకి వేరే బ్యాకప్ ఉండాలి.

ఫిర్యాదు సంగతి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, అక్కడ నమోదు చేశాను. షాపు వాళ్ళు మాట వినకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సేవలో లోపం మీద ఫిర్యాదు చెయ్యొచ్చు, బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి కిందే వస్తుంది. రెండేళ్ళలోపు వెయ్యాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. మీరుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, ఒంగోలు వాళ్ళు ఒంగోలులోనే వేసుకోవచ్చు.

రిపేరుకి ఇచ్చేటప్పుడు నోటి మాట నమ్మకండి. రసీదు మీద ‘లినక్స్ ఉంది, డిస్కు ఫార్మాట్ చెయ్యకూడదు, చెయ్యాల్సి వస్తే ముందు ఫోన్ చెయ్యాలి’ అని రాయించి సంతకం తీసుకోండి. రాయనంటే అక్కడ ఇవ్వకండి. కుదిరితే ఎస్‌ఎస్‌డీ ఊడదీసి ఇంట్లో పెట్టుకుని మిగతా మిషన్ మాత్రం ఇవ్వండి. స్క్రీన్ మీద ఏం వచ్చినా ముందు ఫొటో తీసుకోండి. ఈరోజు నా చేతిలో ఉన్న సాక్ష్యం ఆ ఫొటో ఒక్కటే.