పోటీ ఎక్కువైతేనా, తక్కువైతేనా: వ్యాపారాలు చట్టం తప్పేది ఎప్పుడు?

పోటీ పెరిగితే మోసం తగ్గుతుందన్నది సగం నిజమే. చాలాసార్లు మారేది మోసం రకం.

ఏ తప్పు?
గట్టి పోటీ: కల్తీ, తూకంలో కోత, జీతాల ఎగవేత, భద్రతా నియమాలకు తిలోదకాలు.
నలుగురైదుగురే ఉన్న మార్కెట్: ధరలు కూడబలుక్కోవడం, టెండర్లు వంతులవారీగా పంచుకోవడం.

ఎందుకు?
గట్టి పోటీలో మిగిలే లాభం తక్కువ. పక్కవాడు నియమాల ఖర్చు ఎగ్గొట్టి ధర దించితే నష్టపోయేది నిజాయితీపరుడే. కొనేవాడే తప్పును కోరుకుంటే మరీ కష్టం. న్యూయార్క్ రాష్ట్రంలో వాహన పొగ పరీక్షా కేంద్రాలపై 2013లో వెలువడిన అధ్యయనంలో, చుట్టుపక్కల పోటీ కేంద్రాలు పెరిగేకొద్దీ బండ్లను చూసీచూడనట్టు పాస్ చేయడం పెరిగింది. ఫెయిల్ చేస్తే యజమాని మళ్లీ రాడు మరి!
కొద్దిమందే ఉన్నచోట మాట తప్పినవాడు ఇట్టే దొరికిపోతాడు, కాబట్టి కుమ్మక్కు నిలుస్తుంది. యూరప్ లారీ తయారీదారుల కుమ్మక్కు 1997 నుంచి 2011 దాకా సాగింది. 2016లో పడిన జరిమానా దాదాపు 293 కోట్ల యూరోలు.

బయటపడేదెలా?
చిన్న తప్పులు తనిఖీల్లో దొరుకుతాయి, కానీ లెక్కకు మిక్కిలి. కుమ్మక్కు ఎక్కువగా లోపలివాళ్లు చెబితేనే తెలుస్తుంది. లారీల కేసులో ముందుగా నోరు విప్పిన మాన్ సంస్థకు జరిమానా పూర్తిగా మాఫీ అయింది.

ఎక్కడ ఏది?
అమ్మకందార్లు కిక్కిరిసి ఉంటే ఆకస్మిక తనిఖీలు పెంచాలి, పరీక్షకుణ్ని కస్టమర్ కాకుండా లాటరీ ఎంపిక చేయాలి. కొద్దిమందే ఉంటే తనిఖీల మీద డబ్బు పోయడం దండగ. మొదట ఒప్పుకున్నవారికి మినహాయింపు, టెండరు ధరల సరళిపై నిఘా పనికొస్తాయి.