వాష్ ఏరియాకి ఏ లైటు, వర్క్‌షాపుకి ఏ లైటు?

పాత ట్యూబ్‌లైట్లు పీకేస్తున్నవాళ్లంతా అడిగేది ఒకటే: మామూలు ఎల్ఈడీ బ్యాటెన్ (ట్యూబ్‌లైటులా పొడవుగా ఉండే ఫిట్టింగ్) సరిపోదా, ఎక్కువ డబ్బు పెట్టి వాటర్‌ప్రూఫ్, అంటే సీల్డ్ ఫిట్టింగే కొనాలా?

వెలుతురు కోసమే అయితే అక్కర్లేదు. నాలుగడుగుల 20 వాట్ల బ్యాటెన్ దాదాపు 2,000 ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది. సీల్డ్ ఫిట్టింగూ ఇంచుమించు అంతే. ఎనిమిదడుగులకు ఆరడుగుల వాష్ ఏరియాకి ఏదైనా ఒకటి చాలు. అసలు తేడా డ్రైవర్ దగ్గర, అంటే ఇంటి కరెంటుని ఎల్ఈడీకి తగినట్టు మార్చే సర్క్యూట్ దగ్గర వస్తుంది. ఎల్ఈడీ లైటు పోయిందంటే చాలాసార్లు పోయేది లోపలి డ్రైవరే, వెలిగే చిప్పులు బాగానే ఉంటాయి.

వాష్ ఏరియాలో డ్రైవర్‌కి శత్రువు చెమ్మ. బ్యాటెన్ చివర్ల ప్లాస్టిక్ మూతలు ఊరికే నొక్కి పెట్టినవి. వేడినీళ్ల ఆవిరి, దండెం మీది తడిబట్టల చెమ్మ ఆ సందుల్లోంచే లోపలికి పోతాయి, చీమలూ అంతే. ఫిట్టింగ్ దుమ్మునీ నీళ్లనీ ఎంత ఆపుతుందో పెట్టె మీది ఐపీ అంకె చెబుతుంది. ఐపీ 20 అని ఉంటే నీళ్ల నుంచి రక్షణ సున్నా అని అర్థం. ఐపీ 65 అయితే లోపలికి దుమ్ము పోదు, పైపుతో నీళ్లు కొట్టినా తట్టుకుంటుంది. కాబట్టి ఇక్కడ నా ఓటు సీల్డ్‌కే.

అయితే ఆ 65 నిలబడేది వైరు లోపలికి వెళ్లే గ్లాండ్ దగ్గర. మన ఎలక్ట్రీషియన్లు గోడలోంచి వచ్చిన విడి వైర్లు మూడూ కలిపి అందులో దూర్చేస్తారు. గ్లాండ్‌లోని రబ్బరు గుండ్రటి కేబుల్ చుట్టూ బిగుసుకునేలా చేసింది. మూడు వైర్ల మధ్య సందు మిగిలిపోతుంది, ఆరు నెలల తర్వాత కవరు లోపల నీటిచుక్కలు కనిపిస్తాయి. మూడు కోర్ల (ఒకే తొడుగులో మూడు వైర్లుండే) గుండ్రటి ఫ్లెక్సిబుల్ కేబుల్ వేయించండి. ఫిట్టింగ్‌లోకి వెళ్లే ముందు దాన్ని కిందికి ఓ వంపు తిప్పితే, కేబుల్ వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

వర్క్‌షాపు గది పొడిగా ఉంటుంది, అక్కడ బ్యాటెనే మేలు. కర్ర కోసే పని ఉంటే మాత్రం సన్నటి పొట్టు లోపల పేరుకుంటుంది, అప్పుడు సీల్డ్ తీసుకోవచ్చు. కానీ ఏది కొన్నా ముందు చూడాల్సింది మిణుకు. చవక డ్రైవర్ల వెలుతురు మన 50 హెర్ట్జ్ కరెంటుతోపాటు సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. కంటికి తెలియదు, తిరిగే మిషన్ దగ్గర తెలుస్తుంది. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే ఫోర్ జా చక్ (లేత్ మిషన్‌లో పనిముక్కని నాలుగు దవడలతో పట్టుకునే భాగం) ఒక మిణుకుకీ తర్వాతి మిణుకుకీ మధ్య సరిగ్గా పావు చుట్టు తిరుగుతుంది. నాలుగు దవడలూ ఒకేలా ఉంటాయి కాబట్టి అది ఆగినట్టే కనిపిస్తుంది. 1,440 దగ్గరైతే మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టుంటుంది. ఆగిందనుకుని చెయ్యి పెట్టారో, అంతే.

షాపులో వెలిగించమని అడిగి, ఫోన్‌ని స్లో మోషన్‌లో పెట్టి దగ్గరగా తీయండి. వీడియోలో వెలుతురు కొట్టుకుంటుంటే ఆ లైటు బెంచి మీదకి వద్దు. పెట్టె మీద వోల్టేజి రేంజి కూడా చదవండి. సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్లలో 220 నుంచి 240 అని రాసిన లైటు ఇబ్బంది పెట్టొచ్చు, 140 నుంచి 300 అని ఉన్నది తీసుకోవాలి.

పదడుగులకు పన్నెండడుగుల గదికి పైన రెండు బ్యాటెన్లు, బెంచి మీద విడిగా ఇంకొకటి. బెంచి లైటు మీ తల వెనక పడితే పని మీద మీ నీడే పడుతుంది, బెంచి ముందు అంచుకి నేరుగా పైన ఉండాలి.

పాత ఫిట్టింగ్‌లోనే ఎల్ఈడీ ట్యూబ్ వేస్తే చవకే. స్టార్టరూ చోకూ తీసేసి, ఫేజూ న్యూట్రలూ ట్యూబ్ మీది బొమ్మలో చూపినట్టే ఇవ్వాలి. కొన్ని ట్యూబులకు రెండూ ఒకే చివర, కొన్నిటికి చెరో చివర. చెరో చివర ఉన్న రకంలో ఒక పక్క బిగించి రెండో పక్క పట్టుకుంటే షాక్ కొట్టొచ్చు. మెయిన్ ఆపకుండా ముట్టుకోవద్దు.

హోల్డరులో 9 వాట్ల బల్బు స్టోర్‌రూమ్‌కి సరిపోతుంది. ప్యానెల్ లైట్లు ఫాల్స్ సీలింగ్ ఉన్నవాళ్లకి.