పాత డబుల్ గ్లాస్ కిటికీలు: ఫ్రేమ్ ఉంచి అద్దం మార్పించే సర్వీసు

తిరుపతిలో యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీల షాపుకెళ్తే ముందు కిటికీ మొత్తం మార్చమనే అంటారు. ఫ్రేమ్ వంగకుండా, మూలల అతుకులు విడకుండా ఉంటే అద్దం యూనిట్ (అంచులు సీలు చేసిన రెండద్దాల జత) ఒక్కటే మారిస్తే చాలు. డబ్బుకు తగ్గ పని అదే. రెండద్దాల మధ్య ఆవిరి పట్టిందంటే అంచు సీలు పోయి, లోపల తేమ పీల్చే గుళికలు నిండిపోయినట్టే. పైన సిలికాన్ పూసి లాభం లేదు.

5-12-5 (5 మి.మీ. అద్దం, 12 మి.మీ. ఖాళీ, 5 మి.మీ. అద్దం) అయితే మందం మొత్తం 22 మి.మీ. ఆ మందమే ఆర్డరివ్వాలి, లేకపోతే బీడింగ్ (అద్దాన్ని ఫ్రేమ్‌లో పట్టి ఉంచే పట్టీ) కూర్చోదు. టఫెన్డ్ గ్లాస్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) తయారయ్యాక కోయడం కుదరదు, కాబట్టి బీడింగ్ ఊడదీసి కొలిచేవాళ్లకే పనివ్వండి. అద్దం కింద ప్లాస్టిక్ ప్యాకర్లు (అద్దాన్ని ఎత్తి ఉంచే ముక్కలు) పెట్టారా, ఫ్రేమ్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు తెరిచే ఉన్నాయా చూసుకోండి. తొందరలో వదిలేసేది ఇదే. నవంబరు వానలకు నీళ్లు నిలిస్తే కొత్త సీలూ పాడవుతుంది.

లో-ఈ కోటింగ్‌కు (వేడిని తగ్గించే పలచని పూత) అదనపు డబ్బు పడమటి కిటికీలకైతే పెట్టొచ్చు, ఉత్తరం వైపు దండగ.