ఒకే పాట, ఇద్దరు విజేతలు: ఎవరిది మేలు?

టాలెంట్ షో విజేతల తొలి పాటల్ని పక్కపక్కన పెట్టి తూచడం కష్టం. ఒకరికి మంచి ట్యూన్ దొరుకుతుంది, ఇంకొకరి నెత్తిన ఏదో ఒకటి రుద్దుతారు. కెల్లీ క్లార్క్‌సన్, లియోనా లూయిస్‌ల దగ్గర ఆ గొడవ లేదు. 2002లో అమెరికన్ ఐడల్ మొదటి సీజన్ గెలిచిన కెల్లీకీ, 2006లో బ్రిటన్‌లో ఎక్స్ ఫ్యాక్టర్ గెలిచిన లియోనాకీ తొలి సింగిల్ (సినిమాతో సంబంధం లేకుండా విడిగా అమ్మే పాట) ఒక్కటే: ‘ఎ మూమెంట్ లైక్ దిస్’. రాసింది యోర్గెన్ ఎలోఫ్‌సన్, జాన్ రీడ్. రెండు షోల్లోనూ జడ్జి కుర్చీలో సైమన్ కోవెల్ ఉన్నాడు కాబట్టి పాట సముద్రం దాటడంలో పెద్ద వింతేమీ లేదు.

నిజం చెప్పాలంటే పాట అంత గొప్పదేం కాదు. ఫైనల్లో కెల్లీ పాడింది, ఓడిపోయిన జస్టిన్ గ్వారీనీ కూడా ఇదే పాడాడు. లండన్‌లో లియోనా, ఆమె చేతిలో ఓడిన రే క్విన్‌ల మధ్యా అంతే. ఎవరు గెలిచినా మర్నాటికల్లా అమ్మకానికి పనికిరావాలి కదా! అందుకే మాటలు ఎటైనా తిరుగుతాయి: ప్రియుడనుకుంటే ప్రేమపాట, ట్రోఫీ అనుకుంటే గెలుపు పాట. ఎవరి ఒంటికైనా పట్టేలా వదులుగా కుట్టిన చొక్కా అన్నమాట. దాన్ని ఒంటికి అతికినట్టు ఎవరు తొడుక్కున్నారన్నదే ప్రశ్న.

గొంతు ఒక్కటే చూస్తే నా ఓటు లియోనాకే. చరణం మొదట్లో దాదాపు చెవిలో చెప్తున్నట్టు మొదలుపెడుతుంది. పల్లవి ఎత్తుకున్నప్పుడు కూడా ఉన్నదంతా ఒకేసారి ఖర్చు పెట్టేయదు. పై స్వరాల్లో ఆ గొంతు సన్నబడుతుంది తప్ప గీరుకోదు. చివర్లో శ్రుతి మారి పాట ఒక మెట్టు పైకెక్కే చోటుకి వచ్చేసరికి ఇంకా చేతిలో బలం మిగిలే ఉంటుంది. కెల్లీ రికార్డింగ్‌లో మొదటి పల్లవికే చాలా బలం వాడేసిందనిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు హుషారు, మూడోసారికి కాస్త అలసట.

అయితే కెల్లీ అసలు పాట స్టూడియోలోది కాదనుకుంటాను. 2002 సెప్టెంబర్ 4, హాలీవుడ్‌లోని కొడాక్ థియేటర్. ఫలితం ప్రకటించారు, పాడమన్నారు. టెక్సస్‌లోని బర్ల్‌సన్ అనే ఊరి నుంచి వచ్చిన 20 ఏళ్ల పిల్ల, ఏడుపు ఆపుకుంటూ పాడుతుంది. కొన్ని మాటలు గొంతులోనే ఉండిపోతాయి, స్వరం పగులుతుంది. తోటి పోటీదారులు స్టేజీ మీదికొచ్చి చుట్టుముడతారు. సంగీతం మాస్టారు చూస్తే సగం మార్కులు కోసేస్తారు. కానీ ఎటైనా తిరిగే ఆ మాటలకు అర్థం కుదిరింది ఆ నాలుగు నిమిషాల్లోనే.

అమ్మకాల్లో ఎవరూ ఎవరికీ తీసిపోలేదు. రేడియోలో మాత్రమే వినిపించినన్నాళ్లు కెల్లీ పాట అమెరికాలో పాటల ర్యాంకులు చెప్పే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో దిగువ సగంలోనే ఉంది. సీడీ షాపుల్లోకి రాగానే 52వ స్థానం నుంచి ఒక్క గెంతులో 1కి వచ్చింది. 1964లో బీటిల్స్ 27 నుంచి 1కి ఎక్కిన రికార్డు అలా పోయింది. లియోనా దగ్గరికొచ్చేసరికి డౌన్‌లోడ్ల కాలం. గెలిచిన రాత్రే జనం ఎగబడ్డారు. పైగా బ్రిటన్‌లో క్రిస్మస్ వారంలో నంబర్ వన్ ఎవరన్నది ఒక జాతీయ పందెం. 2005 నుంచి 2008 దాకా వరసగా నాలుగేళ్లు అది ఎక్స్ ఫ్యాక్టర్ విజేతలదే. లియోనా ఎంత బాగా పాడినా, ఆ గెలుపులో డిసెంబరు వాటా కూడా ఉంది.

మన దగ్గర గెలిచినవాళ్లతో వెంటనే సింగిల్ తెచ్చే ఈ ఆనవాయితీ గట్టిగా నాటుకోలేదు. అభిజీత్ సావంత్‌కి ఇండియన్ ఐడల్ గెలవగానే 2005లో పాప్ ఆల్బమ్ వచ్చింది గానీ, 2010లో అదే షో గెలిచిన శ్రీరామచంద్రను తెలుగువాళ్లు సినిమా పాటల్లోనే వెతుక్కున్నారు. సింగిల్ అనేసరికి ‘ఏ సినిమాలోది?’ అని అడిగే అలవాటు మనది.

ఇక తొలి అడుగుగా ఏది మేలంటే, నేను కెల్లీవైపే. ఆమెకు ముందు ఐడల్ కిరీటం పెట్టుకుని అమెరికాలో ఆ పాట పాడినవాళ్లు లేరు, పోల్చి చూడటానికి ఇంకో గొంతు లేదు. లియోనా ఎంత నేర్పుగా పాడినా అది నాలుగేళ్ల కిందట ఇంకొకరి పేరు రాసేసిన పాట. తనదనిపించే పాట కోసం మరుసటి ఏడాది ‘బ్లీడింగ్ లవ్’ దాకా ఆగాల్సి వచ్చింది. 2008లో అమెరికాలో ఆమెను నంబర్ వన్ చేసింది అదే. అక్కడి శ్రోతల్లో చాలామందికి లియోనా తొలి పాట అంటే ఇదే. నన్నడిగితే ఆమెకూ దీనితోనే మొదలుపెట్టి ఉంటే బాగుండేది.