“50 ప్రయోగాలు, ఒకే పెట్టె” సైన్స్ కిట్ ఆర్డర్ పెట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

ఈ మధ్య ఫోన్‌లో ఏది తెరిచినా కనిపిస్తున్న “50 ప్రయోగాలు, ఒకే పెట్టె” రకం సైన్స్ కిట్లు కొనబోయే తల్లిదండ్రులు, టీచర్లు కాస్త ఆగండి. ఫిబ్రవరి 28 సైన్స్ డే దగ్గరపడినప్పుడు, బడిపిల్లల సైన్స్ ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ అవార్డు నామినేషన్ల టైంలో వీటి జోరు మరీ ఎక్కువ. హనుమకొండలో మా ఇంటికి వచ్చిన పెట్టెలో ఏముందో రాస్తున్నాను. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ పెట్టడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పైగా అదే సరుకు వేర్వేరు పేర్లతో తిరుగుతోంది కాబట్టి, పేరు తెలిసినా లాభం లేదు. సరుకును గుర్తుపట్టడం తెలియాలి.

ధర రూ. 1,499, డబ్బులు డెలివరీ అప్పుడు. పెట్టె మాత్రం చూడముచ్చటగా ఉంది. లోపల లిథియం సెల్, సోలార్ ప్యానెల్, రాగి తీగ చుట్ట, మోటారు, గుండ్రటి అయస్కాంతాలు, “ఫ్రీ ఎనర్జీ బల్బు”.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది సెల్. దాని మీద “9900 ఎంఏహెచ్” అని పెద్ద అక్షరాలతో ఉంది, అంటే సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క. అది 18650 సైజు సెల్, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. పాత లాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండేది ఇదే. మంచి కంపెనీల సెల్ అయినా ఆ సైజులో సాధారణంగా 2000 నుంచి 3500 దాకే పడుతుంది. 9900 అని కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, అది దొంగ సెల్లే. అయినా మా వీధి కంసాలి దగ్గర తూకం వేయించాను. పాడైన లాప్‌టాప్ నుంచి తీసి పెట్టుకున్న అసలు సెల్ 46 గ్రాములు తూగింది. కిట్‌లోది 29 గ్రాములు. “లోపల సగం గాలేనా సార్?” అని ఆయనే నవ్విండు. లోపల ఏముందో చూద్దామని మాత్రం ఎవరూ కోయకండి, లిథియం సెల్‌ను కోస్తే మంట లేస్తుంది.

సెల్ దొంగదైతే డబ్బులు పోయాయి అనుకుని ఊరుకునేవాణ్ని. అసలు ఘోరం కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంది. “మొబైల్ చార్జర్ వైరును సెల్ రెండు కొసలకు కలపండి” అని బొమ్మ గీసి మరీ చూపించారు. మొబైల్ చార్జర్ ఇచ్చేది 5 వోల్టులు. ఈ రకం సెల్ 4.2 వోల్టులు దాటకూడదు. అక్కడ కరెంటు ఆపడానికి మధ్యలో చిన్న చార్జింగ్ బోర్డు ఉండాలి. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో టీపీ4056 అని అడిగితే ఇస్తారు, పెద్ద ఖరీదు కూడా కాదు. ఆ బోర్డే కిట్‌లో లేదు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి కాగితంలో ఉన్నట్టే కలిపింది. కాసేపటికి “డాడీ, ఇది కాలుతుంది” అని అరిచింది. వెళ్లి చూస్తే సెల్ మీది ప్లాస్టిక్ తొడుగు ముడుచుకుపోయి, కొస దగ్గర లోహం బయటపడి ఉంది. ఘాటైన తీపి వాసన. చార్జర్‌ను గోడ దగ్గరే పీకేసి, సెల్‌ను పట్టకారుతో పట్టుకుని, వాకిట్లో ఇసుక పోసిన ఇనుప తట్టలో పడేశాను. అదృష్టం, మంట లేవలేదు. మన దగ్గర పిల్లలు ఇలాంటివి ఎక్కడ చార్జింగ్ పెడతారో తెలిసిందే. మంచం మీద, దిండు పక్కన.

రాగి తీగ సంగతి ఇంకోటి. ఇనుప మేకుకు చుట్టి విద్యుదయస్కాంతం చేద్దామని అమ్మాయి తీగ కొసను గరుకు కాగితంతో రుద్దింది. రుద్దేకొద్దీ తీగ తెల్లబడింది. సోల్డరింగ్ పెడితే సీసం అంటుకోవడం లేదు, ముత్యంలా జారిపోతోంది. మోటారు వైండింగ్ చేసే మా బామ్మర్దికి చూపిస్తే చేతిలో పట్టుకోగానే తేల్చేశాడు: “బావా, ఇది అల్యూమినియం. మీద రాగి పూత పూసిన్రు.” రాగి, అల్యూమినియం కన్నా మూడు రెట్లకు పైగా బరువు. వాళ్ల చేతులకు ఆ తేడా త్రాసు లేకుండానే తెలుస్తుంది. మనలాంటివాళ్లు బ్లేడుతో గీకి చూస్తే చాలు. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, వెండిలా మెరిస్తే అల్యూమినియం. దీంతో ప్రమాదమేమీ లేదు. కానీ ఈ తీగలో నిరోధం ఎక్కువ కాబట్టి, అన్నే చుట్లు చుట్టి అదే సెల్ పెట్టినా మేకు తక్కువ గుండుపిన్నులను పట్టుకుంటుంది. పిల్ల మాత్రం తను చుట్టడమే సరిగా రాలేదనుకుంది. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

సోలార్ ప్యానెల్ మీద “3 వాట్స్” అని ఉంది. కొలిస్తే 9 సెంటీమీటర్లు, 6 సెంటీమీటర్లు. అంటే 54 చదరపు సెంటీమీటర్లు. నిండు ఎండలో చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల వెలుగు పడుతుంది. ఈ లెక్కన దీని మీద పడేదే 5.4 వాట్లు. మంచి ప్యానెల్ అందులో ఐదో వంతును కరెంటుగా మారుస్తుంది, అంటే ఒక వాట్ చిల్లర. మూడు వాట్లు ఎక్కడి నుంచి వస్తాయి? మల్టీమీటర్ పెడితే 6 వోల్టులు చూపించింది కానీ, కరెంటు 80 మిల్లీయాంప్‌లు దాటలేదు. రెండూ గుణిస్తే అర వాట్ కూడా లేదు. దీనికి అమ్మినవాళ్ల జవాబు వినండి: “మీ దగ్గర ఎండ ఎక్కువ సార్, వేడికి పవర్ తగ్గుతది.” ఇందులో కాస్త నిజం ఉంది. సిలికాన్ ప్యానెల్ 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. కానీ 60 డిగ్రీలకు కాగినా పోయేది ఏడో వంతే, ఆరింట ఐదొంతులు కాదు. వరంగల్ ఎండలో పనిచేయని సోలార్ ప్యానెల్ మరెక్కడ పనిచేస్తుందో వాళ్లే చెప్పాలి.

ఇక ఆ “ఫ్రీ ఎనర్జీ బల్బు”. తీగ చుట్టకు అయస్కాంతం ఆనిస్తే జీవితాంతం వెలుగుతుందట. అయస్కాంతం కదులుతుంటేనే తీగలో కరెంటు పుడుతుందని ఫారడే 1831లోనే చూపించాడు. ఊరికే ఆనించి ఉంచితే ఏమీ పుట్టదు. కింద నల్ల టేపు పీకితే గుండ్రటి 2032 బటన్ సెల్ బయటపడింది. మోసం అంటే అదొక మోసం. కానీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు ఇది అంతకన్నా పెద్ద గండం. ఆ సైజు సెల్‌ను మింగితే గొంతులో ఇరుక్కుని, రెండు గంటల్లోపే అన్నవాహికను కాల్చేస్తుంది. కిట్‌లోని చిన్న గుండ్ర అయస్కాంతాలదీ అదే కథ. రెండు మింగితే పేగు గోడలను మధ్యలో పెట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. మింగారని ఏమాత్రం అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, “మలంలో వస్తుందిలే” అనుకోకుండా, నేరుగా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

పెట్టె మీద “8 ఏళ్లు పైబడిన పిల్లల బొమ్మ” అని వాళ్లే రాసుకున్నారు. మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. దీని మీద గుర్తు ఉంది, కింద లైసెన్సు నంబరు లేదు. నంబరు ఉంటే ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూడొచ్చు. దిగుమతిదారు పేరు, అడ్రస్, ఏ దేశంలో తయారైంది, ఏదీ లేదు. పార్సిల్ తీసుకున్నాక అయినా పెట్టె విప్పకముందే ఇవి చూడండి, విప్పేటప్పుడు వీడియో తీయండి. “పెట్టె ఓపెన్ చేసిన్రు కదా సార్, రిటర్న్ ఉండదు” అన్నది వాళ్ల మొదటి మాట. సెల్ ఫొటో పంపాక “ఐదు స్టార్లు పెట్టండి, 300 వాపస్ వేస్తం” అన్నారు. కుదరదన్నాక నా నంబరు బ్లాక్ చేశారు. ఆ ఐదు స్టార్లు చూసే కొన్నాం కదా మనం!

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు.

పిల్లలకు ప్రయోగాలు కావాలంటే కిట్లే అక్కర్లేదు. బోరు మోటార్లు కాలని ఊరు మన దగ్గర లేదు కాబట్టి వైండింగ్ షాపు లేని సెంటరూ ఉండదు. హనుమకొండ అయినా, పరకాల, నర్సంపేట అయినా అసలు రాగి తీగ తూకానికి ఇస్తారు. మిగిలిన ముక్కలైతే చాలాసార్లు ఊరికే ఇస్తారు. పాడైన స్పీకర్‌లో మంచి అయస్కాంతం ఉంటుంది. లిథియం జోలికి పోకుండా గోడ గడియారంలో వేసే మామూలు పెన్సిల్ సెల్ చాలు. ఆ తీగను సెల్‌కు కలిపి పక్కన దిక్సూచి పెడితే ముల్లు తిరగడం, 1820లో ఓర్‌స్టెడ్ చూసింది, మన ఇంట్లోనే కనిపిస్తుంది. ఇన్‌స్పైర్‌కు “గ్యారంటీ సెలెక్షన్” అనే ప్రకటనలను అసలే నమ్మకండి. అక్కడ అడిగేది పిల్లల సొంత ఆలోచన. అందరూ కొనే పెట్టె సొంతం ఎలా అవుతుంది?

ఇప్పటికే ఈ కిట్ ఇంట్లో ఉన్నవాళ్లు ముందు బటన్ సెల్‌ను, అయస్కాంతాలను పిల్లలకు అందకుండా తీసేయండి. లిథియం సెల్‌ను ఇక చార్జ్ చేయకండి. రెండు కొసలకు టేపు వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి, చెత్త బండిలో వేస్తే బండి అంటుకునే ప్రమాదం ఉంది. పెట్టెను, బిల్లును, ఆ కాగితాన్ని మాత్రం పారేయకండి, 1915 వాళ్లు మొదట అడిగేవి అవే.