ముందు చక్రం మోత: 7 ఏళ్లు, 64 వేల కిలోమీటర్ల తర్వాత

నా బండి 150 సీసీది. 2018లో కొన్నాను, ఈరోజుకి మీటరు 64 వేలు దాటింది. వనస్థలిపురం నుంచి నాంపల్లిలో ఆఫీసుకి రోజూ రానూ పోనూ 28 కిలోమీటర్లు, అది కాక నెలకు ఒకటి రెండుసార్లు నల్లగొండలో అమ్మానాన్నల దగ్గరికి. ఇంజను గురించి, మైలేజీ గురించి చాలామంది రాశారు. నేను ముందు చక్రం ఒక్కదాని గురించే రాస్తాను, ఎందుకంటే ఇన్నేళ్లలో ఈ బండి మీద నేను అనవసరంగా పెట్టిన డబ్బంతా అక్కడే పోయింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ముందు 80/100-17 సైజు ట్యూబ్‌లెస్ టైరు, అల్లాయ్ వీలు, డిస్క్ బ్రేకు ఉన్న ఏ బండికైనా ఇవన్నీ జరిగేవే.

బండితో వచ్చిన టైరు 31 వేలు నడిచింది, ఏ చప్పుడూ చేయలేదు. రెండో టైరు వేయించాక తొమ్మిది వేలు తిరిగానో లేదో, 2022 ఎండాకాలంలో నల్లగొండ వెళ్తుంటే చౌటుప్పల్ దాటాక మోత మొదలైంది. వెనకాల లారీ ఏదో వస్తోందనుకుని రెండుసార్లు అద్దంలో చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. 40 దాటగానే సన్నగా మొదలై 60కి వచ్చేసరికి వూఁఁ అని నిండుగా పాడుతుంది, స్పీడు తగ్గిస్తే గొంతు కూడా తగ్గుతుంది. క్లచ్ పట్టి చూశాను, మోత అలాగే ఉంది, అంటే ఇంజనుది కాదు. చైను దగ్గర్నుంచి వస్తే కాళ్ల దగ్గర తెలియాలి, ఇది హ్యాండిల్ పట్టుకున్న అరచేతుల్లో తెలుస్తోంది.

సర్వీసు సెంటర్లో ఒక రౌండు తిప్పి వచ్చి "వీల్ బేరింగులు పోయినయ్ సార్, పక్కా" అన్నారు. మార్పించాను. బయటికి వచ్చి మొదటి సిగ్నల్ దాటకముందే తెలిసిపోయింది, అదే మోత. వెనక్కి వెళ్తే "కొత్తవి కదా సార్, ఒక ఐదొందల కిలోమీటర్లు తిరగండి, సెట్ అయితది" అన్నారు. ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్తే కోన్ సెట్ (హ్యాండిల్ మెడలో అది తిరగడానికి ఉండే బేరింగులు) మార్చాలన్నాడు. రెండుచోట్లా చక్రాన్ని నేల మీద నుంచి లేపి తిప్పి చూసినవాళ్లు లేరు. నేనూ అడగలేదు, అప్పటికి నాకు తెలియదు.

చివరికి అసలు సంగతి చెప్పింది మా కాలనీ మూల మీద పంక్చర్ షాపు పెద్దాయన. గాలి కొట్టించుకుందామని ఆగాను, మోత సంగతి మాటల్లో వచ్చింది. ఆయన లేచి వచ్చి టైరు మీద అరచెయ్యి ఆనించి ముందుకూ వెనక్కీ రాశాడు. "చెయ్యి పెట్టి చూడు బిడ్డా, ఇటు రాస్తే నున్నగ పోతది, అటు రాస్తే రంపం లెక్క తగులుతది" అన్నాడు. నిజంగానే రంపమే. పైనుంచి చూస్తే గాడి లోతు బాగానే ఉంది, కొత్త టైరులాగే కనిపిస్తుంది, కానీ ఒక్కో రబ్బరు దిమ్మెకు ఒక అంచు అరిగి రెండో అంచు లేచి నిలబడింది. 60 స్పీడులో ఈ సైజు చక్రం సెకనుకు సుమారు 9 సార్లు తిరుగుతుంది. చుట్టూ ఉన్న లేచిన అంచులన్నీ ఆ వేగంతో రోడ్డును కొడుతుంటే వచ్చేదే ఆ వూఁఁ.

ఎందుకలా అరిగిందంటే నా విషయంలో రెండు కారణాలు. మొదటిది గాలి. ముందు టైరుకు 25 పీఎస్ఐ ఉండాలని చైన్ కవర్ మీద స్టిక్కరే ఉంది, నేను ఎప్పుడూ ఒకే బంకులో 25 అని చెప్పి కొట్టించేవాణ్ణి. మంచి గేజ్ ఒకటి కొని పొద్దున బండి తీయకముందు చూస్తే 18 ఉంది! ఆ బంకు మీటరు తప్పు చూపిస్తోంది, పైగా నేను వెళ్లేది సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ, టైరు వేడిగా ఉన్నప్పుడు, అప్పుడు రీడింగు రెండు మూడు పాయింట్లు ఎక్కువే వస్తుంది. గాలి తక్కువైతే బ్రేకు పట్టిన ప్రతిసారీ రబ్బరు దిమ్మెలు మెలితిరుగుతాయి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి చాదర్‌ఘాట్ దాకా ట్రాఫిక్‌లో నేను ఎన్నిసార్లు ముందు బ్రేకు పడతానో నాకే లెక్క ఉండదు. రెండో కారణం ఫోర్క్ ఆయిల్, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు షాకబ్జార్బర్ కాళ్లలోని ఆయిల్. 42 వేల దాకా ఒక్కసారీ మార్చలేదు. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి వదిలితే ఫోర్క్ ఒక్కసారి పైకి వచ్చి నిలబడాలి, నాది రెండు మూడుసార్లు ఊగేది. గుంత దాటాక చక్రం రోడ్డు మీద ఆనకుండా ఎగురుతూ పోతే, ఆనినచోటల్లా టైరు ఎక్కువ అరుగుతుంది. ఆయిల్ తీయిస్తే నల్లగా నీళ్లలా వచ్చింది.

కొత్త టైరుకు అప్పట్లో రెండు వేలకు కొంచెం తక్కువ అయింది, ఫోర్క్ ఆయిల్, సీళ్లు, కూలీ కలిపి వేరే. ఆరోజు సాయంత్రం సాగర్ రింగ్ రోడ్డు దాకా ఊరికే వెళ్లి వచ్చాను. గాలి శబ్దం తప్ప ఏమీ లేదు, ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

టైరు కొనేటప్పుడు దాని పక్కన ఇంగ్లీషులో DOT అని ఉన్నచోట చివరి నాలుగు అంకెలు చూడండి. 3421 అని ఉంటే 2021లో 34వ వారంలో తయారైందని. నాకు మొదట తెచ్చి చూపించింది మూడేళ్ల పాతది, అడిగితేనే లోపల్నుంచి కొత్తది తెచ్చారు. పక్కన బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉండాలి. టైరు ఎక్కించాక రిమ్ అంచు వెంబడి ఉండే సన్నటి గీత చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో చూసుకోవాలి, ఒకచోట లోపలికి దిగి ఉంటే టైరు సరిగ్గా కూర్చోలేదని అర్థం, అప్పుడు తక్కువ స్పీడులోనే హ్యాండిల్ ఊగుతుంది.

ఇక అసలైన బేరింగు మోత ఎలా ఉంటుందో నాకు 2023 వానాకాలంలో తెలిసింది. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద యాక్సిల్ మునిగేంత నీళ్లలోంచి వెళ్లాల్సి వచ్చింది. పది పదిహేను రోజుల తర్వాత గర్ర్ అని మొదలైంది, మరలో గింజలకు బదులు ఇసుక పడితే వచ్చే చప్పుడు. పాతదానికీ దీనికీ తేడా స్పష్టంగా ఉంది. టైరు మోత రోడ్డును బట్టి మారేది, కొత్త తారు మీద తగ్గి సిమెంటు రోడ్డు మీద పెరిగేది, బండి కొంచెం వంచితే గొంతు మారేది. ఇది ఏ రోడ్డు మీదైనా ఒకటే.

ఈసారి ఎక్కడికీ పరిగెత్తలేదు. మెయిన్ స్టాండ్ వేసి, మా తమ్ముణ్ణి వెనక సీటు చివర కూర్చోబెడితే ముందు చక్రం లేచింది. చేత్తో గట్టిగా తిప్పి, స్క్రూడ్రైవర్ మొనను యాక్సిల్ చివర ఆనించి పిడిని చెవికి పెట్టుకున్నాను. గరగర స్పష్టంగా వినిపించింది. ఇదే పరీక్ష 2022లో చేసి ఉంటే చక్రం నిశ్శబ్దంగా తిరిగి ఉండేది, తప్పు టైరుదని ఐదు నిమిషాల్లో తేలేది, ఎందుకంటే నేల తగలని టైరు మోత చేయదు. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని పక్కలకు ఊపితే టుక్ మని కదిలింది, అది బేరింగు ప్లే, అంటే వదులు. కోన్ సెట్ అయితే ఇలా కాదు, ఫోర్క్ రెండు కాళ్లూ కింద పట్టుకుని ముందుకూ వెనక్కీ లాగితే హ్యాండిల్ మెడ దగ్గర కదలిక తెలుస్తుంది, బ్రేకు పట్టగానే టక్ మంటుంది.

కొత్త బేరింగులు 11 వేలకే ఎందుకు పోయాయి? నీళ్లు ఒక కారణం, ఒప్పుకుంటాను. కానీ పాత బేరింగులు అవసరం లేకుండా తీసి కొత్తవి దిగ్గొట్టినప్పుడు సుత్తి దెబ్బలు లోపలి రింగు మీద పడటం నా కళ్లారా చూశాను. చక్రంలోకి బేరింగును ఎప్పుడూ బయటి రింగు మీదే కొట్టి దించాలి, లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గోళీల మీదుగా పోయి అవి నడిచే దారిలో గుంటలు పడతాయి. ఈసారి పాతదాని మీదున్న నంబరు చూసుకుని రాణిగంజ్‌లో 6301 2ఆర్ఎస్ రెండు కొన్నాను, 2ఆర్ఎస్ అంటే రెండువైపులా రబ్బరు సీలు ఉన్నది. మీ బండికి నంబరు వేరే ఉండొచ్చు, పాతది తీసి చూడాల్సిందే. మెకానిక్ పక్కన నిలబడి, "అన్నా, పాత బేరింగే పైన పెట్టి కొట్టు, బయటి రింగు మీదే పడాలి" అని అడిగి చేయించాను, ఆయన కూడా ఏమీ అనుకోలేదు. మధ్యలో ఉండే గొట్టం లాంటి స్పేసర్ మర్చిపోకుండా పెట్టాలి, అది లేకపోతే యాక్సిల్ బిగించగానే రెండు బేరింగులూ నలిగిపోతాయి.

చిన్న చప్పుళ్లు కూడా వచ్చాయి కానీ వాటికి టెన్షన్ పడక్కర్లేదు. బండిని తోసుకెళ్తుంటే దాదాపు రెండు మీటర్లకొకసారి టిక్ మంటే గాడిలో రాయో మేకో ఉన్నట్టు, మేకైతే పీకకుండా పంక్చర్ షాపు దాకా వెళ్లండి. కడిగిన మర్నాడు చక్రం తిరిగినప్పుడల్లా ఒక్కసారి కిర్ మంటే డిస్కు ప్యాడ్లకు రాసుకుంటోంది, రెండు మూడు బ్రేకులకే పోతుంది. పోకుండా డిస్కు వేడెక్కుతుంటే మాత్రం క్యాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని ఉండే భాగం) పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టించాలి.

ఇప్పుడున్న మూడో టైరు 22 వేలు తిరిగింది. నెలకోసారి అరచెయ్యి రాసి చూస్తాను, ఇంకా రెండువైపులా నున్నగానే ఉంది. గాడి లోతు 2 మిల్లీమీటర్ల పైన ఉంది. మన చట్టం ప్రకారం టూవీలరుకు 0.8 దాకా నడపొచ్చు, నేను మాత్రం అంతదాకా ఆగను, 1.5కి రాగానే మార్చేస్తాను. ఆదివారం పొద్దున గాలి చూసుకోవడం అలవాటైంది, వారంలో ఒక పాయింటు కూడా తగ్గడం లేదు. హ్యాండిల్ మాత్రం సరిగ్గా మధ్యలోకి వచ్చినప్పుడు కొంచెం పట్టినట్టు ఆగుతోంది. ఈసారి నిజంగానే కోన్ సెట్, వానలు మొదలయ్యేలోపు మార్పిస్తాను.